తార నంబరు, నాలుగో ప్రయత్నం

మార్చి నెలంతా ఆర్మూరు గాలికి ఒకటే వాసన, పసుపు ఉడికిన వాసన. అంకాపూర్ వైపు నుంచి వచ్చే గాలికి ఒక ఘాటు, వేల్పూర్ రోడ్డు నుంచి వచ్చే గాలికి ఇంకో ఘాటు ఉంటుందని వాదించే పెద్దమనుషులు ఊళ్లో ఉన్నారు గానీ, వాళ్లను మనం పట్టించుకోనక్కర్లేదు. ఏ వైపు నుంచి వచ్చినా ఆరేసిన దుప్పట్లకూ, దువ్విన తలలకూ, పొద్దున తాగే చాయకూ అంటేది ఆ వాసనే. దయాకర్ ఇంటి వెనక గంగాదాస్ వాళ్లు పసుపు కొమ్ములు ఆరబోసుకునే జాగా ఉంది. అక్కడ పాలిష్ పట్టే డ్రమ్ము పొద్దున ఎనిమిదికి మొదలైతే చీకటి పడేదాకా గడగడమంటూ తిరుగుతూనే ఉంటుంది. ఆ గడగడలోనే దయాకర్ మూడేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాడు.

ఇంట్లో కూర్చుని చేసేది మన ఊళ్లో ఉద్యోగం కిందికి రాదు. ఉద్యోగమంటే బస్సెక్కాలి, టిఫిను డబ్బా మోసుకుపోవాలి, సాయంత్రం విసుక్కుంటూ ఇల్లు చేరాలి. మేడ మీద గదిలో తలుపేసుకుని కూర్చునే మొగుడి గురించి వాడకట్టు ఆడవాళ్లు అడిగితే తార మొదట్లో ఏం చెప్పాలో తెలీక "ఫోన్లు చేపిస్తడు" అనేది. ఆ మాటలో తప్పేం లేదు. హైదరాబాదులో ఒక కంపెనీ ఉంది. దవాఖానల తరఫున రోగులకు ఫోన్ చేసి "రేపు మీరు డాక్టరు దగ్గరికి రావాలి" అని గుర్తు చేస్తుంది. చేసేది మనుషులు కాదు, మిషను. రోజుకు వేల ఫోన్లు. కొందరు ఎత్తరు, కొన్ని కలవవు, కొన్ని మధ్యలో తెగిపోతాయి. అలా ఫెయిలైనవాటిని ఏరి మళ్లీ చేయించడం దయాకర్ పని.

దానికి అతను పైథాన్ అనే కంప్యూటరు భాషలో సొంతంగా ఒక స్క్రిప్టు రాసుకున్నాడు. ఫెయిలైన నంబరుకు అది మళ్లీ ఫోన్ చేయిస్తుంది. ఎత్తకపోతే ఒక నిమిషం ఆగి ఇంకోసారి. అప్పటికీ ఎత్తకపోతే రెండు నిమిషాలు ఆగి ఇంకోసారి. ప్రతిసారీ ఆగే సమయం రెట్టింపవుతుంది. ఎత్తిన మనిషి పది సెకన్లయినా వినకుండా పెట్టేస్తే అది కూడా ఫెయిలైనట్టే లెక్క. ఎత్తిన ప్రతి ఫోనూ రికార్డవుతుంది. మూడుసార్లు చేసినా పని కాకపోతే తెర మీద ఒక ముక్క వస్తుంది: "మూడుసార్లు అయింది. వదిలేస్తున్నాం." ఆ ముక్క దయాకర్ రాసిందే.

ఇలాంటి పని చేసేవాళ్లకు ఒక అలవాటుంటుంది. జాబితా మొదట్లో సొంతవాళ్ల నంబరు ఒకటి పెట్టుకుంటారు. ఊరందరికీ కొట్టే ముందు ఇంట్లోవాళ్లకు కొట్టి, మిషను సరిగ్గా పలుకుతోందో లేదో చూసుకుంటారు. దయాకర్ పెట్టుకున్నది తార నంబరు. అతను పైన మీట నొక్కగానే కింద వంటింట్లో ఫోన్ మోగేది. "హలో, ఇది టెస్ట్ కాల్" అని దయాకర్ గొంతే వినిపించేది. తార చేతిలో పని వదిలి, పది సెకన్లూ చివరిదాకా విని, పైకి వినబడేలా అరిచేది.

"నీ మిషన్ ఫోన్ చేసింది. మంచిగనే మాట్లాడుతది. నువ్వే మాట్లాడవు!"

తార పోయి పది రోజులైంది.

జ్వరం. అంతే. మూడు రోజులు గోలీలతో గడిపి, నాలుగో రోజు నిజామాబాద్ దవాఖానలో చేర్పిస్తే, ఆరో రోజు తెల్లారుజామున ప్రాణం పోయింది. ఇరవై తొమ్మిదేళ్లు. ఐదేళ్ల కూతురు రుచిత. ఇలాంటి చావుకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలీదు.

మర్నాడు పదకొండో దినం. చుట్టాలంతా వస్తారు. ఇవాళ ఇల్లు ఖాళీగా ఉంది. మధ్యాహ్నం కంపెనీ నుంచి మెసేజి వచ్చింది. తప్పుగా అనుకోవద్దనీ, నీ స్క్రిప్టు ఇక్కడ ఎవరికీ అంతుపట్టడం లేదనీ, ఒక్కసారి నడిపి పెడితే చాలనీ బతిమాలారు.

"పో, జేస్కో పో. గంత సేపన్న మనసు మళ్లుతది" అంది తల్లి నర్సవ్వ, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని. పది రోజులుగా ముట్టని చాట అది. చేతులు ఊరుకోక ఇవాళే తీసింది. రుచిత పక్కన కూర్చుని ఆకు ముక్కలు ఏరుతోంది.

సాయంత్రం ఆరింటికి దయాకర్ మేడెక్కాడు. ల్యాప్‌టాప్ తెరిచాడు. స్క్రిప్టు నడిపాడు. అలవాటు ప్రకారం అది మొదట తార నంబరుకు కొట్టింది.

"ప్రయత్నం 1. స్విచాఫ్. ఫెయిల్."

నంబరు తీసేయాల్సింది, మరిచిపోయాడు. ఇప్పుడు తీసేద్దామని వేలు ఆ వరస మీద పెట్టాడు గానీ నొక్కలేకపోయాడు. ఇంట్లో ఆమె చీరలు తీసేశారు, చెప్పులు తీసేశారు, మంచం బయట పడేశారు. ఇదొక్కటన్నా ఉండనీ అనుకున్నాడు. నిమిషం గడిచింది.

"ప్రయత్నం 2. మోగింది. ఎత్తలేదు. ఫెయిల్."

దయాకర్ తెరకు దగ్గరగా వంగి మళ్లీ చదివాడు.

తార ఫోను అదే గదిలో, బీరువాలో ఉంది. దవాఖానవాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలో, గాజులతో పాటు. లేచి బీరువా తెరిచి సంచి విప్పాడు. ఫోను నల్లగా, చల్లగా ఉంది. మీట నొక్కి పట్టుకున్నాడు. వెలగలేదు. పది రోజులుగా చార్జింగు లేని ఫోను ఎలా మోగుతుంది? దాన్ని తెచ్చి ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకున్నాడు. రెండు నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అది కదల్లేదు, మెదల్లేదు.

"ప్రయత్నం 3. ఎత్తారు. 4 సెకన్లు. ఫెయిల్."

దాని కింద, తను రాసిన ముక్కే:

"మూడుసార్లు అయింది. వదిలేస్తున్నాం."

ఆ మాట చదవగానే దయాకర్ తెర మీంచి చూపు తిప్పేసుకున్నాడు. అతను రాసింది నిజమే. కానీ మూడుసార్లు అయింది అన్న మాటనే అచ్చంగా పది రోజుల కింద కాలువ గట్టు మీద ఇంకొకరి నోట విన్నాడు. అప్పటినుంచి ఆ మాట అతన్ని నిద్రపోనివ్వడం లేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

పాడెను శ్మశానానికి సగం దారిలో ఒకచోట, మన ఊళ్లోనైతే కాలువ గట్టు మీద, దింపుతారు. దింపుడు కల్లం అంటారు. ప్రాణం ఒంట్లో ఏ మూలనన్నా దాక్కుని ఉంటే సొంతమనిషి గొంతు విని లేస్తుందేమోనని ఆఖరి ఆశ. దగ్గరి మనిషి చెవి దగ్గర వంగి, పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. మూడింటికీ పలకకపోతే పాడె లేపుతారు. నాలుగోసారి పిలవరు. ఎందుకు పిలవరని ఎవరూ అడగరు.

దయాకర్ వంగాడు. తార ముఖమంతా పచ్చి పసుపు, నుదుట రూపాయంత కుంకుమ. "తారా" అన్నాడు. డప్పులు ఆగాయి. మేనమామ హన్మాండ్లు అతని భుజం మీద చెయ్యి వేసి, "మల్ల పిలువు అల్లుడా" అన్నాడు. "తారా" అన్నాడు మళ్లీ.

అప్పుడు ఆమె ఎడమ రెప్ప కదిలింది.

కదిలిందా? పూసిన పసుపు ఎండి పగిలిందా? ఈగ వాలిందా? ఏమో. కానీ ఆ క్షణంలో దయాకర్‌కు సంతోషం కలగలేదు. అదీ అసలు సంగతి. అతనికి భయమేసింది. ప్రాణంలో ప్రాణంగా చూసుకున్న పెళ్లాం ఎక్కడ లేచి కూర్చుంటుందోనని ఒంట్లో రక్తం గడ్డకట్టేంత భయమేసింది. మూడో పిలుపు గొంతు దాటలేదు. పెదాలు ఆడాయి, మాట రాలేదు.

"మూడుసార్లు అయింది. లేపుండ్రి" అన్నాడు హన్మాండ్లు.

కాలేదు మామా, రెండే అయ్యాయి అని దయాకర్ అనలేదు. అరగంట తర్వాత కట్టెలకు తన చేత్తోనే నిప్పు పెట్టాడు. చచ్చినదాన్ని కాల్చాడో, లేవబోతున్నదాన్ని కాల్చాడో అతనికి తెలీదు. పది రోజులుగా అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ ఆ రెప్పే కనిపిస్తోంది.

ఇప్పుడు తెర మీద "ఎత్తారు" అని ఉంది.

ఆ నాలుగు సెకన్ల రికార్డింగు తెరిచాడు. ముందు తన గొంతు, "హలో, ఇది టెస్ట్..." దాని వెనక, దూరంగా, డప్పులు. వెదురు బొంగులు కిర్రుమన్న చప్పుడు. బరువైనదేదో నేల మీద దింపిన చప్పుడు. అక్కడ తెగిపోయింది.

ఈ పని చేసేవాళ్లకు ఒక నమ్మకం ఉంది. ఒకే తప్పు మళ్లీ మళ్లీ వస్తే దారి మూసుకుపోయినట్టు. తప్పు మారిందంటే మాత్రం ముందుకు పోతున్నట్టు. స్విచాఫ్ అన్నది మోగింది. మోగినది ఎత్తారు. ఎత్తిన ఫోనులో దింపుడు కల్లం వినిపించింది. ఇంత దూరం వచ్చాక మూడుసార్లయిందని ఆపడానికి అతనెవరు? మొదటిసారి ఆపినందుకే కదా ఇంత బతుకూ బూడిదైంది.

స్క్రిప్టు తెరిచాడు. మూడు అన్న అంకె ఉన్న వరసను చెరిపేశాడు. ఎత్తి, పది సెకన్లు వినేదాకా పిలుస్తూనే ఉండమని మార్చాడు. "హలో, ఇది టెస్ట్ కాల్" అన్న రికార్డు తీసేసి, దాని చోట ఆనాడు మిగిలిపోయిన ఆ ఒక్క పిలుపు పెడదామని మైకు ముందుకు వంగాడు.

గొంతు రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. "ఇంతకన్న సిగ్గులేని బతుకు ఉంటదా" అని తనను తానే తిట్టుకుని, కళ్లు మూసుకుని, ఏడుపు మింగి అన్నాడు.

"తారా..."

మీట నొక్కాడు. నాలుగు నిమిషాలు ఆగాలి. కిటికీ బయట పొద్దు గుట్ట వెనక్కి దిగుతోంది. మూడో నిమిషంలో కరెంటు పోయింది. వెనక గంగాదాస్ వాళ్ల డ్రమ్ము గడగడమంటూ నెమ్మదించి, ఇంకో రెండు చుట్లు తిరిగి నిలిచిపోయింది. పొద్దుటి నుంచి ఉన్న చప్పుడు ఒక్కసారిగా పోయేసరికి చెవుల్లో హోరు మొదలైంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. నెట్టు తన సెల్‌ఫోను నుంచి వస్తోంది.

"ప్రయత్నం 4. ఎత్తారు. 7 సెకన్లు. ఫెయిల్."

రికార్డింగు తెరిచాడు.

"తారా..." తన గొంతే. ఇప్పుడు పెట్టినదే. వెంటనే డప్పులు ఆగాయి. చెప్పుల కింద గులకరాళ్లు నలిగాయి. ఎవరో ముక్కు చీదారు. తర్వాత చెవి పక్కనే అన్నంత దగ్గరగా హన్మాండ్లు గొంతు.

"మల్ల పిలువు అల్లుడా."

దయాకర్ కుర్చీలోంచి సగం లేచాడు. అర్థమైంది. ఫోను పోతున్నది పక్కనున్న తార ఫోనుకు కాదు. పది రోజుల కిందటి కాలువ గట్టుకు. ఇంకా పాడె కిందే ఉంది. ఇంకా లేపలేదు. ఒక్క పిలుపు అయింది, రెండోది కావాలి, తర్వాత మూడోది. ఆ మూడోది తను సరిగ్గా పిలిస్తే చాలు, పలుకుతుంది, లేస్తుంది... లేచిందంటే ఈ పది రోజులూ ఉండవు.

తెర మీద చూశాడు. "ఎనిమిది నిమిషాలు ఆగుతున్నాం."

ఎనిమిది నిమిషాలా! అంతసేపు ఎవరాగుతారు అక్కడ? పాడె లేపేయరూ! స్క్రిప్టు ఆపి, ఆగమని రాసిన వరసను పీకేశాడు. రెట్టింపులు లేవు, నిమిషాలు లేవు. ఒకటి తెగిన మరుక్షణం ఇంకొకటి. మీట నొక్కాడు.

వరసలు పడసాగాయి.

"ప్రయత్నం 5. ఎత్తారు. 9 సెకన్లు. ఫెయిల్."

"ప్రయత్నం 6. ఎత్తారు. 9 సెకన్లు. ఫెయిల్."

"ప్రయత్నం 7. ఎత్తారు. 9 సెకన్లు. ఫెయిల్."

ఒక్క సెకను తక్కువ. ప్రతిసారీ ఒక్క సెకనే. ఐదోది తెరిచి విన్నాడు. "తారా..." తర్వాత పొడుగాటి నిశ్శబ్దం. తర్వాత...

"ఆఁ."

దయాకర్ రెండు చేతులతో ముఖం కప్పుకుని పసివాడిలా ఏడ్చాడు. పలికింది. పిలిస్తే పలికింది. ఇంత తేలికా! ఇంత తేలికైన పని ఆనాడు చెయ్యలేకపోయాడా? "లే తారా... జర లే... నేనే పిలుస్తున్న" అంటూ తెర మీద చెయ్యి పెట్టి నిమిరాడు.

గొంతు కొంచెం బొంగురుగా ఉందని అనిపించింది. ఫోన్ లైను కదా అనుకున్నాడు. ఆరోది విన్నాడు. "ఆఁ" అనే ముందు కడుపులోంచి దగ్గు వచ్చింది, బీడీలు తాగే ముసలివాళ్లకు వచ్చే దగ్గు. ఏడోదాంట్లో చేతినిండా గాజుల చప్పుడు. ఎనిమిదోదాంట్లో మాటే లేదు, పాలకోసం గునిసే పసిగుడ్డు మూలుగు. ఒక మనిషి నాలుగు గొంతులతో పలకదని ఎవరికైనా తడుతుంది. దయాకర్‌కు కూడా తట్టే ఉంటుంది. కానీ నంబరు తారది, పిలిచిన పేరు తారది, ఎత్తారు అని రాసి ఉంది. మునిగేవాడికి అంతకంటే ఏం కావాలి?

పదకొండు. పన్నెండు. పదమూడు.

గదిలో ఉక్క పెరిగింది. కరెంటు లేదు, ఫ్యాను లేదు, అందుకే అనుకున్నాడు మొదట. కానీ ఇది ఎండ ఉక్క కాదు. చావింట్లో జనం కిక్కిరిసి కూర్చున్నప్పుడు వచ్చే ఉక్క. ఒంటి చెమట, తడి గుడ్డ, ఊపిరి. దాంతోపాటు వాసన... బయట ఊరంతా ఉన్న ఉడికిన పసుపు వాసన కాదది. పచ్చి పసుపు. నీళ్లతో నూరి ఒంటికి పూసే పసుపు. తడి వెదురు. నలిగిన బంతిపూలు.

పదహారు. పదిహేడు.

కాళ్లు చాపుకుందామని కుర్చీ వెనక్కి జరపబోయాడు. జరగలేదు. వెనక ఏదో అడ్డం ఉంది. ఆ గదిలో కుర్చీ వెనక గోడ దాకా ఖాళీ జాగానే తప్ప ఏమీ ఉండదు. దయాకర్ వెనక్కి తిరిగి చూడలేదు. మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది. అయినా చూడలేదు. ఇప్పుడు చూస్తే మళ్లీ భయమేస్తుంది. భయమేస్తే మళ్లీ గొంతు పోతుంది. ఈసారి పోనివ్వకూడదు...

"ప్రయత్నం 19. ఎత్తారు. 9 సెకన్లు. ఫెయిల్."

తెరిచాడు.

ఈసారి ముందు వినిపించింది ఇవాళ రికార్డు చేసిన గొంతు కాదు. ఆనాటిది. డప్పులు ఆగాక, నీళ్లు లేని నోటితో, గట్టు మీద వంగి పిలిచిన గొంతు. "తారా." రెండో పిలుపు. తర్వాత నిశ్శబ్దం. దయాకర్‌కు తెలుసు ఆ నిశ్శబ్దం ఏమిటో. అతని భయం అది.

"పిలువు! పిలువురా!" అని తెర మీదికి వంగి, ఆనాటి తనను తానే గుసగుసగా బతిమాలాడు.

ఆ నిశ్శబ్దంలో ఎవరో మూడోసారి పిలిచారు.

చాలా చిన్న గొంతు. ఎక్కడో గోడల వెనక నుంచి వచ్చినట్టు.

"అమ్మా..."

వెంటనే హన్మాండ్లు. "మూడుసార్లు అయింది. లేపుండ్రి."

దయాకర్ ఆ తొమ్మిది సెకన్లు ఇంకొక్కసారి విన్నాడు. అనుమానం లేదు. రుచిత గొంతు. కానీ ఆనాడు రుచిత కాలువ గట్టు మీద లేదు. పసిపిల్లను పాడె వెంట తేవద్దని నర్సవ్వ ఇంట్లోనే, రెండు కిలోమీటర్ల ఇవతల, ఒళ్లో పట్టుకుని కూర్చుంది. మరి మామ లెక్కపెట్టిన మూడో పిలుపు...

లేచాడు. కుర్చీ వెనక్కి రాదు కాబట్టి పక్కకు జారి లేచాడు. గదిలో నాలుగు అడుగులు వేస్తే తలుపు. ఆ నాలుగు అడుగులూ జాతరలో జనాన్ని తోసుకుంటూ పోయినట్టు పోవాల్సి వచ్చింది. కనబడేది ఏమీ లేదు. భుజాలకు మాత్రం మెత్తగా, వెచ్చగా తగులుతున్నాయి. స్క్రిప్టు ఆపలేదు. ల్యాప్‌టాప్ మూయలేదు. అవి అతనికి గుర్తే లేవు. మెట్లు రెండేసి దిగాడు.

కింద ముందరి గది మసక చీకటిగా ఉంది. తార ఫొటో ముందు దీపం. పెరట్లో నర్సవ్వ నీళ్ల పొయ్యి ఊదుతున్న చప్పుడు, గిన్నెల చప్పుడు. రుచిత ఒక్కతే గదిలో ఉంది. నడుమ కాదు, ఒక వారకు, గోడకు వీపు ఆనించి, కాళ్లు దగ్గరికి ముడుచుకుని, ఎవరికో దారి వదిలినట్టు కూర్చుని ఉంది.

దయాకర్ ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"బిడ్డా... అమ్మను తీస్కపోయిన దినం... నువ్వు అమ్మను పిలిచినవా?"

రుచిత కాసేపు తండ్రి ముఖం చూసింది. తిడతాడేమో అన్నట్టు చూసి, గుసగుసగా అంది.

"ఒక్కసారే పిలిచిన డాడీ."

"ఎవరన్న పలికిండ్రా?"

"ఆఁ. కొంతమంది వచ్చిండ్రు. గీడనే కూసున్నరు. ఏమనలే."

"ఇప్పుడు... ఇప్పుడేడున్నరు?"

"ఇయ్యాల ఇంక మస్తు మంది వచ్చిండ్రు డాడీ. ఒకలెనుక ఒకలు. నువ్వు పిలుస్తున్నవని అందరు మీదికి పోయిండ్రు."

"అమ్మ?" ఆమె భుజాలు పట్టుకున్నాడు. "అమ్మ గూడ పోయిందా మీదికి? అమ్మను చూసినవా?"

రుచిత తల అడ్డంగా ఊపింది.

"నేను అందర్ని చూసిన. అమ్మొక్కతే రాలే."

దయాకర్ కూతుర్ని గుండెలకు హత్తుకున్నాడు. ఒక పక్క ఏడుపు, ఇంకో పక్క చెప్పరాని ఊరట. రాలేదు. అంటే వినలేదు. ఆనాడు కూడా వినలేదు, రెప్ప కదల్లేదు, తను కాల్చింది ప్రాణం పోయిన ఒంటినే. పది రోజుల బరువు ఒక్కసారి దిగిపోయింది. తార ఎక్కడో నిమ్మళంగా, ఎవరు పిలిచినా వినబడనంత దూరంలో ఉంది. అంతకంటే ఏం కావాలి? ఆ సుఖం ఎంతసేపు ఉందంటే, రెండు ఊపిర్లు తీసినంతసేపు.

పైన నడుస్తున్నారు.

ఒకరు కాదు. చాలామంది. చెప్పుల్లేని పాదాలు. కప్పు మీద ఈ మూల నుంచి ఆ మూలకు... తలుపు దగ్గరికి... మెట్ల మొదటికి వచ్చి ఆగాయి.

అప్పుడు పైనుంచి పిలుపు వచ్చింది.

"రుచితా..."

దయాకర్ గొంతు. అచ్చంగా అతని గొంతే. పనైపోయాక సాయంత్రం కూతుర్ని మేడ మీదికి పిలిచేటప్పుడు ఎంత ముద్దుగా పిలుస్తాడో అలాగే. కానీ అతను ఆ పేరు ఏ మైకులోనూ, ఏ రోజూ రికార్డు చేయలేదు.

రుచిత నోరు తెరిచింది. దయాకర్ చప్పున అరచెయ్యి అడ్డం పెట్టాడు. "పలుకకు" అన్నాడు ఆమె చెవిలో. "ఏమన్న గానీ... పలుకకు బిడ్డా." చెయ్యి కింద ఆ పిల్ల వెచ్చటి ఊపిరి వేగంగా తగులుతోంది. కళ్లు తండ్రిని చూస్తున్నాయి, మెట్లను చూస్తున్నాయి.

"రుచితా..."

రెండు.

దయాకర్ కూతుర్ని గోడకు అదిమి, తన ఒంటితో కప్పేశాడు. ఇంకొక్కటి. ఇంకొక్కటి పలకకుండా గడిపితే చాలు, మూడింటికీ ఇంట్లో ఎవరూ పలకకపోతే వదిలేసి పోతారు... దీపం కూడా కదలడం లేదు. పైన అంతమందీ ఎదురుచూస్తున్నారు. చెవులు రిక్కించి అతను కూడా ఎదురుచూశాడు.

పెరట్లో నర్సవ్వ పొయ్యి ఊదడం ఆపింది. పొగకు దగ్గి, కళ్లు తుడుచుకుని, కొడుకు మేడ మీది నుంచి ఎప్పటిలాగే మనవరాలిని పిలుస్తున్నాడనుకుని, గొంతెత్తి జవాబిచ్చింది.

"ఆఁ! పంపుతున్న కొడుకా!"

మూడో పిలుపు రాలేదు.